సవతి కొలతలు

ఆ గిటారుకు సవతి అని పేరు పెట్టింది టైలరమ్మే. పైకి ఎప్పుడూ అనలేదు, మనసులోనే పెట్టుకుంది. పైకి మాత్రం "మీ గిటారు" అనేది, అదీ పళ్ళ బిగువున. పెళ్ళయి కొత్తగా ఈ ఇంట్లో దిగిన రోజున, మంచం కంటే ముందు, బీరువా కంటే ముందు, నల్ల సంచీలో ఒద్దికగా పడుకుని అది గడప దాటింది. దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది మొగుడు. మంచం కోళ్ళు మోసింది మాత్రం ఈవిడ.

మొగుడు లిఫ్టు మెకానిక్. మనిషి మంచివాడే, కాకపోతే నిజం చెప్పే జబ్బు ఒకటుంది. పెళ్ళి మాటలప్పుడే పక్కకు పిలిచి అంతా చెప్పేశాడు. కుర్రతనంలో పక్క వాటాలో ఒకావిడ ఉండేదట. గిటారు బాగా వాయించేదట. ఇతనికి నేర్పిందట. ఒకరంటే ఒకరికి ఇష్టం కూడానట. ఆవిడకు దూరాన ఎక్కడో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ గిటారు ఇతని చేతిలో పెట్టి "ఉంచుకో" అందట. ఆ తర్వాత కబురూ లేదు, కాకరకాయా లేదు. "దాచడం ఎందుకని చెప్పా," అన్నాడు. టైలరమ్మ పెద్దమనసు చేసుకుని నవ్వింది. పెద్దమనసు పెళ్ళిదాకా బాగానే పనిచేస్తుంది, కాపురంలో రోజూ సాయంత్రం దాన్ని బయటికి తియ్యాలంటేనే కష్టం.

ఎందుకంటే అతను రోజూ సాయంత్రం వాయించేవాడు. పని నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని సవతిని ఒళ్ళోకి తీసుకునేవాడు. అప్పటిదాకా తీరిగ్గా బొత్తాలు కుట్టుకుంటున్న టైలరమ్మకు సరిగ్గా అప్పుడే మిషన్ పని గుర్తొచ్చేది. అదీ పల్చటి బట్ట కాదు, మందపాటి గుడారం గుడ్డ. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు పెడలు మీద తొక్కేది, ఇల్లంతా దడదడలాడేది. అతను పాపం ఆవిడకు పని ఎక్కువగా ఉందనుకుని గిటారు పట్టుకుని బాల్కనీలోకి పోయేవాడు. ఈవిడ ఆ బాల్కనీ వైపు వీపు పెట్టుకుని కూర్చునేది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క సాయంత్రం కూడా అతని ఎదురుగా కూర్చుని ఆ వాయింపు వినలేదు. వినాల్సి వచ్చినా చూడలేదు. చూస్తే కళ్ళలో నిప్పులు పోసుకోవాల్సి వస్తుందని ఆవిడ భయం.

ఇక ఆడపడుచు సంగతి. మొగుడి చెల్లెలు రెండు వీధుల అవతల ఉంటుంది. మనసులో కల్మషం లేని మనిషి, అంటే నోట్లో నువ్వుగింజ నానదు. ఒక ఆదివారం గౌను అంచు మడత పెట్టించుకోవడానికి వచ్చి, బాల్కనీలోంచి వస్తున్న పాట విని కళ్ళు మూసుకుంది.

"అబ్బ, ఈ పాట ఆవిడ వాయిస్తుంటే మేమంతా మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళం వదినా. అచ్చం అలాగే వస్తోంది అన్నయ్యకి."

టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది కాబట్టి ఏమీ అనలేదు.

"గిటారంటే అదే వదినా. అలాంటిది మళ్ళీ దొరకదు."

టైలరమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "దొరక్కపోతే చేసుకోవచ్చు," అంది.

"ఎవరు చేస్తారు?"

"నేను చేస్తా. మీ అన్నయ్యకి."

ఆడపడుచు పడీ పడీ నవ్వింది. "గిటారంటే చొక్కా అనుకున్నావా వదినా, కుట్టిపారెయ్యడానికి!"

ఆ నవ్వు పుండు మీద కారమై కూర్చుంది. టైలరమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆ వీధిలో అందరికీ తెలుసు. సాయంత్రం మొగుడితో సూటిగా చెప్పేసింది. "మీకు నేనో గిటారు చేస్తున్నా. అది పూర్తయ్యాక ఇంట్లో అదొక్కటే ఉండాలి. ఇష్టమేనా?"

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. అర్థమయ్యే ఉంటుంది. "ఇష్టమే," అన్నాడు. "నువ్వు చేస్తే ఎందుకు వాయించను?"

అలా పందెం కుదిరింది. సవతి ఉండాలా, పోవాలా అన్నది ఇక తన చేతి పని మీద ఉంది.

గిటారు ఎలా చెయ్యాలో ఆవిడకు తెలియదు. అయితే కొలతల ప్రకారం కత్తిరించి, అతికించి, నొక్కి ఒక ఆకారానికి తేవడం తెలుసు. గిటారు నమూనా పటాన్ని అసలు సైజులో కాగితం మీద ముద్ర వేయించి తెచ్చి కటింగ్ బల్ల మీద పరిస్తే ప్రాణం లేచొచ్చింది. అచ్చం కోటు పేటర్న్ లాగే ఉంది. వెన్ను ముక్క, ముందు ముక్క, రెండు పక్క పట్టీలు, మెడ. కోటుకు కాలర్ ఉంటుంది, దీనికి లేదు, అంతే తేడా అనుకుంది. అంతే తేడా కాదని చెక్క తర్వాత చెప్పింది, అది వేరే సంగతి.

వీధి చివర వడ్రంగి దగ్గర ఒక పాత ఇంటి తలుపులు పడి ఉన్నాయి. అందులో తేలికైనదాన్ని, గీతలు దగ్గరదగ్గరగా ఉన్నదాన్ని ఎంచి పల్చటి పలకలుగా కోయించుకుంది. వడ్రంగి "దేనికమ్మా ఇంత పల్చగా, ఊదితే ఎగిరిపోయేలా?" అన్నాడు. "సవతికి సమాధానం చెప్పడానికి," అనబోయి నాలిక కరుచుకుంది.

కొలతలు సరిచూసుకోవడానికి సవతినే బల్ల ఎక్కించాల్సి వచ్చింది. మొగుడు పనికి పోయాక సంచీ జిప్పు లాగింది. దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. టేపు తీసి మెడ పొడవు కొలిచింది, భుజాలు కొలిచింది, నడుము కొలిచింది, తుంటి కొలిచింది. నడుము సన్నం, తుంటి వెడల్పు. ఇలాంటి ఒళ్ళుకు ఏం కుట్టినా నప్పుతుందని తనకు బాగా తెలుసు. కడుపులో ఎక్కడో చురుక్కుమంది. చెక్క ముక్క మీద ఈ మంట ఏమిటే అని తనను తానే తిట్టుకుంది, మంట మాత్రం తగ్గలేదు.

మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంది. దానికి ఒక పక్క పాలిష్ పోయి తెల్లగా అరిగింది. రెండో పక్క కూడా అలాగే అరిగింది. మోచేతి దగ్గర చిరుగు చూసి ఏ చేత్తో రాస్తాడో చెప్పగల మనిషి ఆవిడ. ఒక పక్కది కుడిచెయ్యి గీకిన గుర్తు, అంటే ఆ పక్క వాటా ఆవిడది. రెండో పక్కది ఎడమచెయ్యి గీకిన గుర్తు, అంటే ఈయనది, ఈయనది పుర్రచెయ్యి. ఒకే కంచంలో చెరో పక్కనా తిన్న గుర్తుల్లా ఉన్నాయి. టైలరమ్మ చాలాసేపు ఆ రెండు మచ్చలనే చూస్తూ కూర్చుంది. ఆ మచ్చలు ఇంకో మాట కూడా చెబుతున్నాయి, కానీ ఈర్ష్య ఒక్క మాట వినగానే చెవులు మూసుకుంటుంది.

టైలరమ్మ విన్న మాట వేరు. ఇది కుడిచేతి మనుషుల కోసం చేసిన గిటారు. పటంలో చూసింది కదా: లావు తీగ పైన గడ్డం వైపు, సన్న తీగ కింద మోకాలి వైపు. కుడిచేతి వాళ్ళకు అదే పద్ధతి. ఎడమచేతి వాళ్ళకు అంతా తిరగేసి చెయ్యాలి. మరి ఈయన ఎడమచేతి మనిషై ఉండి ఇన్నేళ్ళూ కుడిచేతి వాళ్ళ గిటారుతో అవస్థ పడుతున్నాడన్న మాట! ఆడవాళ్ళ చొక్కా తొడుక్కుని తప్పు పక్క బొత్తాలతో తంటాలు పడే మగాడిలా! ఆవిడ ఇచ్చింది ఈయనకు నప్పనే లేదు. నప్పని దాన్ని ప్రేమ కొద్దీ ఒంటికి చుట్టుకుని తిరుగుతున్నాడు. తను ఇతని ఒంటికి కొలిచి చేస్తుంది. ఒక్కసారి తొడుక్కుంటే చాలు, ఇన్నాళ్ళూ ఇరుకులో ఉన్నానని అతనికే తెలుస్తుంది.

ఆ ఆలోచన రాగానే టైలరమ్మకు ఎంత సంతోషం కలిగిందంటే, సవతిని సంచీలో పెడుతూ జాలిగా దాని తల నిమిరింది కూడా.

పేటర్న్ తిరగెయ్యడం టైలరుకు నేర్పాలా? కాగితం బోర్లించి, వెనక నుంచి గీతలు దించేసింది. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. తీగలు ఆనే చోట ఒక ఎముక పట్టీ ఉంటుంది, అది తిన్నగా ఉండదు, ఒక పక్కకు కాస్త ఏటవాలుగా ఉంటుంది. లావు తీగకు ఒక పొడవు, సన్న తీగకు ఒక పొడవు కావాలి కాబట్టి. ఆ వాలు కూడా తిరగేసింది. లోపల పొట్టకు ఆనించే సన్న బద్దలు కూడా తిరగేసింది. ఒక్క గీత వదల్లేదు.

మొగుడు ఒకరోజు టీ తాగుతూ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ఏమేవ్, నేను గిటారు కాస్త తిరగేసి పట్టుకుంటా కదా, అందుకని..."

"మీ పుర్రచేతి సంగతి నాకు తెలీదా? అన్నీ చూసుకునే చేస్తున్నా," అని ఆవిడ మాట కత్తిరించేసింది.

"అది కాదు, ఒకసారి చూడనా?"

"అయ్యాక చూద్దురు గాని."

ఇక్కడ ఆవిడ తన వృత్తి ధర్మమే తప్పింది. కోటు కుట్టేటప్పుడు మధ్యలో పిలిచి ట్రయల్ వెయ్యకుండా ఆవిడ ఎవరికీ ఇవ్వదు. ఎంత తొందరపెట్టినా "ట్రయల్ లేకుండా కుదరదండీ" అని మొహం మీదే చెప్పేది. కానీ ట్రయల్ అంటే సగం చేసినదాన్ని అతని ఒళ్ళో పెట్టాలి. అతను దాన్ని పట్టుకుని, మొహమాటంగా నవ్వి, మనసులో సవతితో పోల్చుకోవడం తను చూడాలి. అది ఆవిడ వల్ల కాదు. గది తలుపు మూసుకుంది.

పక్క పట్టీలు వంచేటప్పుడు ఏడిపించాయి. తడిపి, తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె ఆనించి, ఆవిరిలో మెల్లగా వంచాలి. మొదటి పట్టీ నడుము దగ్గరికొచ్చేసరికి టప్పుమని విరిగింది. బట్ట అయితే ముడతపడి ఊరుకునేది. కొత్త పట్టీ కోయించుకొచ్చి, చేతులు బొబ్బలెక్కేదాకా ఆవిరి పట్టి, ఈసారి చెక్క అడిగినంత సమయం ఇచ్చింది. అది వంగింది. తర్వాత పక్కలకు లోపలి అంచు అతకడానికి ఇంట్లో ఉన్న బట్టల క్లిప్పులన్నీ వరసగా పెట్టేసింది. దాంతో ఆరేసిన మొగుడి యూనిఫాం గాలికి ఎగిరి కింది వాళ్ళ కుండీలో పడింది. కింది వాళ్ళావిడ దాన్ని తెచ్చిస్తూ "మీ ఇంట్లో ఏదో జంతువును పెంచుతున్నారా, రోజంతా గీకుడు చప్పుడు?" అంది. టైలరమ్మ అవునంది.

మెడ చెక్కింది. మెడ మీద అడ్డంగా సన్న లోహపు కడ్డీలు కొలిచి కొట్టింది. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పీకి మళ్ళీ కొట్టింది. మెత్తటి పాత చొక్కా గుడ్డను ముద్దగా చుట్టి, లక్క పాలిష్ లో ముంచి, గుండ్రంగా రుద్దింది. రుద్దిన కొద్దీ చెక్కలోంచి తేనెరంగు పైకి వచ్చింది. చేతి బిగువు తెలిసిన మనిషి పని, చెప్పుకోవాలి మరి, అందం అంటే ఆ గిటారుదే. కుట్టు ఎక్కడుందో కనిపించని పని. పూర్తయ్యాక ఆవిడ దాన్ని అద్దం ముందు పట్టుకుని చూసుకుని, "ఇప్పుడు రావే," అని సవతిని పిలిచింది.

ఆదివారం సాయంత్రం కుర్చీ జరిపి మొగుణ్ణి కూర్చోబెట్టింది. ఆడపడుచును కూడా పిలిపించింది. చొక్కా అనుకున్నావా అన్న మనిషి చూడాలి కదా.

అతను గిటారును రెండు చేతులా అందుకున్నాడు. వెన్ను నిమిరాడు. అంచు నిమిరాడు. "ఇది నువ్వు చేశావా?" అన్నాడు. కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. టైలరమ్మ గుండె కొట్టుకునే చప్పుడు మిషన్ కంటే గట్టిగా వినిపించింది. ఆడపడుచు నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"వాయించండి," అంది టైలరమ్మ.

అతను తీగలు సవరించుకోవడానికే చాలాసేపు పట్టింది. ఎందుకో ఒక తీగ బదులు ఇంకోటి తిప్పుతున్నాడు. తర్వాత వేళ్ళు పెట్టాడు. మీటాడు. గిన్నెలు బోర్లించినట్టు చప్పుడైంది. వేళ్ళు మార్చాడు, మళ్ళీ మీటాడు. మళ్ళీ గిన్నెలే. నుదుట చెమట పట్టింది. వేళ్ళు చీకట్లో గోడ తడుముకుంటున్నట్టు తడుముకుంటున్నాయి.

"ఆడలేక మద్దెల ఓడు అంటారేమో అని చూస్తున్నా," అంది టైలరమ్మ.

"మద్దెల తప్పు కాదు," అన్నాడతను. "తప్పేమీ లేదు. చాలా బాగా చేశావు."

"మరి?"

అతను నీళ్ళు నమిలాడు. ఆడపడుచు నమల్లేదు. "తీగలు తలకిందులుగా ఉన్నాయి వదినా! అన్నయ్యకి సన్న తీగ పైన, లావు తీగ కింద ఉండాలిగా. ఆవిడ గిటార్నే తిరగేసి పట్టుకుని నేర్చుకున్నాడు. తీగలు మార్చలేదు. ఆవిడ వాయించాలి, ఈయనా వాయించాలి, ఉన్నదేమో ఒకటే. అందుకని అలాగే తలకిందులుగా అలవాటు చేసుకున్నాడు."

టైలరమ్మకు ఆ రెండు మచ్చలు కళ్ళ ముందుకొచ్చాయి. ఎడమచెయ్యి గీకిన గుర్తు ఉంది, తీగలు మాత్రం కుడిచేతి వరసలోనే ఉన్నాయి, అంటే తిరగేసి పట్టుకున్నాడనే. అంత స్పష్టంగా కనిపించింది, తను చూసింది, అయినా చూడలేదు.

"ఇన్నేళ్ళు ఇదే ఇంట్లో వాయించారు," అంది మొగుడితో. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడూ ఇటు చూడలేదు కదే," అన్నాడతను. తిట్టలేదు, నిష్ఠూరమాడలేదు. ఉన్నది చెప్పాడు. ఆవిడకు తిట్టినా బాగుండుననిపించింది.

ఆ రాత్రి టైలరమ్మ ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద కాదు, ఆడపడుచు మీద కూడా కాదు. ఇన్నాళ్ళూ ఆ గిటారు ఇంట్లోంచి పోతే ఆ గిటారు ఇచ్చినావిడ పోతుందనుకుంది. ఆవిడ గిటారులో లేదు. ఈయన వేళ్ళలో ఉంది. గిటారును అటక మీద పడెయ్యవచ్చు, వేళ్ళను ఎక్కడ పడేస్తాం?

పొద్దున అతనే దారి చూపబోయాడు. "తీగలు అటువి ఇటు, ఇటువి అటు మార్చేస్తే సరిపోదా?"

"సరిపోదు. ఎముక పట్టీ వాలు తప్పవుతుంది. ప్రతి స్వరమూ అపస్వరమే. ఆ పట్టీని ఉలితో లేపాలి, లేపితే ముందు పలక చీలిపోతుంది. ఆవిడ కొలతలకు నా గిటారును కొయ్యమంటారా?"

"వద్దు," అన్నాడతను వెంటనే. "దీన్నే నేర్చుకుంటా. మాటిచ్చాగా."

మాట నిలబెట్టుకున్నాడు. సవతిని నల్ల సంచీలో పెట్టి బీరువా వెనక నిలబెట్టాడు. రోజూ సాయంత్రం కొత్త గిటారు తీసుకుని, బళ్ళో వేసిన పిల్లాడిలా, ఒక్కో వేలు ఒక్కో తీగ మీద పెట్టుకుంటూ, తప్పుతూ, మళ్ళీ మొదలుపెడుతూ కూర్చునేవాడు. పందెంలో టైలరమ్మే గెలిచింది. గెలిచిన మనిషి మొహం ఎలా ఉండాలో అలా మాత్రం లేదు. సాయంత్రమయ్యేసరికి మిషన్ మీద కాలు దానంతటదే ఆగేది. ఏ పాట వినపడకూడదని ఇన్నేళ్ళు పెడలు తొక్కిందో, ఆ పాట కోసమే చెవి ఎదురుచూస్తోందని తెలిసి తన చెవి మీద తనకే కోపం వచ్చింది.

కొన్నాళ్ళకు అతను పని నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. లిఫ్టులు ఎక్కువ చెడిపోతున్నాయట. వచ్చాక మొహం తేటగా ఉండేది. లిఫ్టులు బాగుచేసిన మొహం అలా ఉండదని టైలరమ్మకు అనుమానం తగిలింది, కానీ అడగలేదు.

ఒక సాయంత్రం ఆడపడుచు కర్టెన్ గుడ్డ తెచ్చింది. మాటల మధ్యలో "నిన్న మా ఇంట్లో అన్నయ్య ఏం వాయించాడు వదినా, పక్కింటి వాళ్ళు కూడా..." అని గబుక్కున ఆగి, కర్టెన్ కొలత గురించి అడగడం మొదలుపెట్టింది.

టైలరమ్మ లేచి బీరువా వెనక్కి వెళ్ళింది. నల్ల సంచీ అక్కడే నిలబడి ఉంది. జిప్పు లాగింది. లోపల తన పేలికల మూటే, గిటారు ఆకారం వచ్చేలా ఒద్దికగా సర్ది ఉంది. నడుము దగ్గర సన్నంగా, తుంటి దగ్గర వెడల్పుగా. ఎంత శ్రద్ధగా కూరాడో! చిన్నిల్లు పెట్టాడు. సొంత చెల్లెలి ఇంట్లోనే చిన్నిల్లు పెట్టాడు! ఇంకొకత్తె అయితే జుట్టు పట్టుకోవచ్చు, దీనికి జుట్టు కూడా లేదు.

కర్టెన్ గుడ్డ బల్ల మీద వదిలేసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి బయల్దేరింది. వెనకే ఆడపడుచు "వదినా, వదినా, ఒక్క మాట విను" అంటూ పరుగెత్తింది. ఏ మాటా విననని నిశ్చయించుకునే టైలరమ్మ ఆ రెండు వీధులూ దాటింది. ఏమనాలో కూడా నిశ్చయించుకుంది. కడిగిపారెయ్యాలి. పందెం గుర్తు చెయ్యాలి. అవసరమైతే ఆ గిటారును అక్కడే నేలకేసి కొట్టాలి.

ఆడపడుచు ఇంటి ముందుగది కిటికీ తెరిచే ఉంది. లోపల అతను ఇంకా యూనిఫాంలోనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. టైలరమ్మ కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయింది. వీపు తిప్పడానికి అక్కడ మిషన్ లేదు.

మొదటిసారి చూసింది. కుడిచేతి వేళ్ళు మెడ మీద కింది నుంచి పైకి ఎక్కుతున్నాయి, ఎవరూ ఎక్కని మెట్ల మీద తిన్నగా ఎక్కుతున్నట్టు. ఎడమచెయ్యి బొటనవేలు సన్న తీగను తాకుతుంటే, చిటికెనవేలు పక్కవేలు లావు తీగను లాగి వదులుతోంది. పటంలో చెప్పిన పద్ధతి ఒక్కటీ లేదు. అన్నీ తప్పు, అయినా అంతా సరిగ్గా ఉంది. చేతికి బట్ట సరిపోక, బట్టకే చెయ్యి సరిపోయేలా పెరిగిన మనిషి. ఇంత చక్కగా ఉంటుందని తెలిస్తే ముందే ఇంకా ఎక్కువ కుళ్ళుకునేదాన్ని అనుకుంది. అనుకుంటుండగానే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అవి కోపానివో మరి దేనివో ఆవిడ తేల్చుకోలేదు.

అతను కళ్ళు తెరిచి కిటికీలో పెళ్ళాన్ని చూశాడు. దొరికిపోయిన దొంగలా లేచి నిలబడ్డాడు. "తప్పే," అన్నాడు. "చెప్పి చేయాల్సింది. నీదాని మీద ఎంత ప్రయత్నించినా... చేతులు ఆకలేస్తోందన్నట్టు ఉండేవి."

టైలరమ్మ కిటికీ ఊచ వదిలింది. "ఇంటికి పదండి," అంది. తర్వాత ఆగి, "దాన్ని కూడా తీసుకురండి," అంది.

ఆడపడుచు "హమ్మయ్య" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నీకు హమ్మయ్య కాదు, నీ కర్టెన్ కుట్టేది మాత్రం వచ్చే ఏడాదే," అని టైలరమ్మ ఆవిడకు చెప్పి మరీ నడిచింది.

ఇంటికొచ్చాక అతన్ని కిటికీ పక్క కుర్చీలోనే కూర్చోమంది. మిషన్ ముందున్న స్టూలు లాక్కొచ్చి ఎదురుగా వేసుకుని కూర్చుంది. "మళ్ళీ వాయించండి. నెమ్మదిగా."

అతను వాయించాడు. ఆవిడ చూసింది, కొత్త గిరాకీ భుజం కొలిచేటప్పుడు చూసే చూపుతో. చూస్తూ చూస్తూ చేత్తో పక్కకు తడుముకుని తన గిటారు అందుకుంది. ఆవిడది కుడిచెయ్యి. కుడిచేతి మనిషి ఎడమచేతి గిటారును ఒళ్ళో పెట్టుకుంటే అది తలకిందులైంది. సన్న తీగ పైకొచ్చింది, లావు తీగ కిందికి పోయింది. ఎదురుగా చూసింది. అతని ఒళ్ళోనూ సన్న తీగ పైన, లావు తీగ కింద. రెండు గిటార్ల మెడలూ ఒకే వైపు.

ఆవిడ రెండింటినీ మార్చి మార్చి చూసింది. కోటు ముందు భాగాలు రెండూ ఒకదానికొకటి ఎదురుగా పెడితే ఎలా ఉంటాయో అలా ఉన్నారిద్దరూ. అతని కుడిచేతి వేలు ఎక్కడుంటే తన ఎడమచేతి వేలు అక్కడ పెట్టాలి, అంతే. అద్దంలో చూసి చేసినట్టు. పటం అక్కర్లేదు, చదువక్కర్లేదు. వేలు పెట్టింది. మీటింది. తీగ బుస్సుమంది. గట్టిగా నొక్కి మళ్ళీ మీటింది. ఈసారి పలికింది. అదే స్వరం, అతనిదీ తనదీ.

అతను వాయించడం ఆపేసి, నోరు తెరుచుకుని ఆవిడ చేతులనే చూశాడు. "ఎవరికీ కుదరనిదాన్ని చేశావనుకున్నా," అన్నాడు. "ఇది నీకు కుదిరిందే!"

"ఆ పాట," అంది టైలరమ్మ. తీగ మీది నుంచి వేలు తియ్యలేదు. "ఇప్పుడు వాయించిన పాట. అది ఆవిడ మీకు మొదట నేర్పిందా?"

అతను తలూపాడు. "ఆఁ. అదే మొదటిది."

కడుపులో మంట మళ్ళీ భగ్గుమంది. తగ్గుతుందనుకుంది గాని అది తగ్గే రకం కాదు. గిటారు పక్కన పెట్టేద్దామా అనుకుంది. పెట్టలేదు. "ఇద్దరూ ఇలాగే కూర్చుని కలిసి వాయించేవారు కాబోలు."

"కలిసి ఎలా వాయిస్తామే?" అన్నాడతను ఆశ్చర్యంగా. "ఉన్నదొక్కటే గిటారు. ఆవిడ వాయిస్తుంటే నేను చూసేవాణ్ణి. నేను వాయిస్తుంటే ఆవిడ చూసేది. కలిసి ఒక్కసారి కూడా వాయించలేదు."

టైలరమ్మ స్టూలును మోకాళ్ళు తగిలేంత దగ్గరికి జరుపుకుంది. అప్పుడే ఎర్రగా కమిలిపోయిన వేలి కొసను నోట్లో పెట్టుకుని తడుపుకుని, మళ్ళీ తీగ మీద ఆనించింది.

"చెప్పండి," అంది. "ఏ వేలు ముందు?"